గడ్డపార అక్కర్లేని నిధి వేట

మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు నిధి అనగానే ముందు గుర్తొచ్చేది గడ్డపార. నల్లమల అంచున పాడుబడ్డ గుళ్లలో నంది పీఠం కింద, పాత కోటల పునాదుల్లో, ఊరి బయట గుట్టల మీద గుప్తనిధుల కోసం రాత్రికి రాత్రి గుంతలు తీసిన వార్తలు ఇక్కడి పాఠకులకు కొత్త కాదు. తవ్వినవాళ్లకు దక్కేది మట్టి. ఊరికి మిగిలేది ముక్కలైన విగ్రహం. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. అయినా గడ్డపారలు ఆగలేదు.

ఇదే నేల మీద ఆడదగ్గ ఇంకో నిధి వేట ఉంది. అందులో తవ్వకం ఉండదు. చీకట్లో చేసే పని ఏదీ లేదు. దొరికే నిధి అరచేతిలో ఇమిడే డబ్బా. దానిలో చిన్న నోటుపుస్తకం, ఒక పెన్సిలు ఉంటాయి. కనిపెట్టినవాళ్లు పుస్తకంలో పేరు, తేదీ రాసి డబ్బాను ఎక్కడిదక్కడే పెట్టి వెళ్లాలి. పెద్ద డబ్బా అయితే అందులో చిన్న చిన్న వస్తువులుంటాయి. ఒకటి తీసుకున్నవాళ్లు అంత విలువైనదే ఇంకొకటి పెట్టాలి. ఆ డబ్బాకు చిరునామా రెండు సంఖ్యలు, అక్షాంశం, రేఖాంశం. ఈ ఆట పేరు జియోకాషింగ్. ప్రపంచమంతటా ఇప్పుడు ముప్పై లక్షలకు పైగా డబ్బాలు ఇలా దాగి ఉన్నాయి. బ్రిటన్‌లో పల్లెటూరి పాత చర్చీల చుట్టూ ఆడే ‘చర్చ్ మైక్రో’ అనే వరుస ఒక్కటే వేల డబ్బాలకు పెరిగింది. మార్కాపురం ప్రాంతంలోని పాత మిషన్ చర్చీలకు ఇలాంటి ఆట అచ్చంగా సరిపోతుందని నా నమ్మకం. ఎందుకో తెలియాలంటే ముందు ఆకాశంలోకి, ఆ తర్వాత చర్చి గోడలోని రాతి వైపు చూడాలి.

ఏడున్నర ఎకరాల నుంచి రెండు సెంట్లకు

ఈ ఆటకు పుట్టినరోజు ఉంది, 2000 మే 3. దానికి కారణం అంతకు ముందు రోజు అమలైన ఒక నిర్ణయం. అమెరికా సైన్యం తన జీపీఎస్ ఉపగ్రహాలు పంపే సంకేతంలో అప్పటిదాకా కావాలనే కొంత తప్పు కలిపేది. సైనికుల పరికరాలు ఆ తప్పును తీసేసుకోగలవు, మామూలు జనం చేతిలోనివి తీసుకోలేవు. దానివల్ల పౌరుల పరికరం చూపే చోటు వంద మీటర్ల దాకా అటూ ఇటూ అయ్యేది. అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆదేశంతో మే 1 అర్ధరాత్రి అమెరికా కాలమానం ప్రకారం ఆ తప్పు కలపడం ఆపేశారు. ప్రపంచంలోని ప్రతి జీపీఎస్ పరికరం ఆ రాత్రికి రాత్రే, యజమాని చెయ్యి పడకుండానే, ఎన్నో రెట్లు చురుకైపోయింది.

ఆ తేడా ఎంతో మన కొలతల్లో చూద్దాం. వంద మీటర్ల వ్యాసార్ధం గల వృత్తం అంటే ఏడున్నర ఎకరాలకు పైగా నేల. అంత చేలో అగ్గిపెట్టెంత డబ్బా వెతకమంటే ఎవరూ రారు. ఈనాటి సెల్‌ఫోను, నెత్తిన ఆకాశం బాగా తెరిచి ఉన్నచోట, సుమారు ఐదు మీటర్ల లోపు తేడాతో చోటు చూపిస్తుంది. ఐదు మీటర్ల వ్యాసార్ధం అంటే రెండు సెంట్ల నేల కూడా నిండదు. రెండు సెంట్లలో అయితే పదేళ్ల పిల్లలు కూడా వెతికేస్తారు.

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే కంప్యూటర్ నిపుణుడు ఈ కొత్త కచ్చితత్వాన్ని పరీక్షిద్దామనుకున్నాడు. బీవర్‌క్రీక్ అనే ఊరి దగ్గర అడవిలో ఒక బకెట్టు దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. అందులో పుస్తకాలు, వీడియోలు, సాఫ్ట్‌వేరు, ఒక ఉండేలు లాంటివి పెట్టాడు. మైక్ టీగ్ అనే ఆయన రోజుల్లోనే దాన్ని కనిపెట్టాడు. ఆ నెల ముగిసేలోపే ఆటకు జియోకాషింగ్ అన్న పేరు పడింది. సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ దానికొక వెబ్‌సైటు తెరిచాడు. ఆ తొలి బకెట్టును సగం దాకా మట్టిలో దించి పెట్టారు. ఆట పెరిగాక పెట్టుకున్న నిబంధనలు మాత్రం, స్థల యజమాని ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప, డబ్బా దాచడానికి గుంత తీయవద్దన్నాయి. మన ప్రాంతానికి ఈ ఆట నచ్చడానికి ఆ ఒక్క నిబంధన చాలు.

నాలుగు గడియారాల లెక్క

ఫోను తానున్న చోటును ఎలా కనిపెడుతుంది? మెరుపు కనిపించాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టి పిడుగు ఎంత దూరాన పడిందో చెప్పే పెద్దవాళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఫోను చేసేదీ ఆ లెక్కే. ఒక్కో జీపీఎస్ ఉపగ్రహం భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, ‘నేనిక్కడున్నాను, నా గడియారంలో ఇప్పుడింత సమయం’ అని ఆపకుండా రేడియోలో చెబుతుంటుంది. ఆ మాట కాంతి వేగంతో వచ్చినా, నడినెత్తిన ఉన్న ఉపగ్రహం నుంచి మార్కాపురం చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఆ ఆలస్యాన్ని కాంతి వేగంతో గుణిస్తే దూరం వస్తుంది.

అసలు చిక్కు గడియారంలో ఉంది. సెకనులో పది లక్షలో వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఉపగ్రహాల్లో పరమాణు గడియారాలుంటాయి. మన ఫోనులో ఉన్నది చవక క్వార్ట్జ్ ముక్క. అందుకే ఫోనుకు మూడు ఉపగ్రహాలు చాలవు, నాలుగు కావాలి. పొడవు, వెడల్పు, ఎత్తు, వాటితోపాటు తన గడియారం ఎంత తప్పుగా ఉందన్న నాలుగో సంగతి కూడా ఫోనుకు తెలియదు. నాలుగు తెలియని రాశులకు నాలుగు సమీకరణాలు. దీని మూలసూత్రం బడిలో నేర్చుకునే బీజగణితమే. అది కుదిరాక ఫోను తన చోటుతోపాటు కచ్చితమైన సమయాన్ని కూడా ఉచితంగా పట్టేస్తుంది.

ఇక్కడ ఐన్‌స్టీన్ కూడా తప్పనిసరి. భూమికి దూరంగా గురుత్వం తక్కువ కాబట్టి ఉపగ్రహంలోని గడియారం మన గడియారం కన్నా రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు పరిగెడుతుంది. వేగంగా కదులుతోంది కాబట్టి 7 మైక్రోసెకన్లు వెనకబడుతుంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే రోజుకు 38 మైక్రోసెకన్ల తేడా. దాన్ని వదిలేస్తే దూరాల లెక్క రోజుకు 11 కిలోమీటర్లకు పైగా జారిపోతుంది. అందుకని ఉపగ్రహాన్ని పైకి పంపేముందే దాని గడియారాన్ని 10.23 మెగాహెర్ట్జ్‌కు బదులు 10.22999999543 మెగాహెర్ట్జ్‌ దగ్గర నిలుపుతారు. దశాంశ బిందువు తర్వాత పదకొండో స్థానం దాకా వెళ్లిన ఈ జాగ్రత్త వల్లే చర్చి వెనక వేపచెట్టు మొదట్లో పెట్టిన డబ్బా దొరుకుతోంది. సాపేక్ష సిద్ధాంతాన్ని పిల్లలకు పరిచయం చేయడానికి ఇంతకన్నా నేరుగా కళ్లకు కట్టే ఉదాహరణ నాకు తెలియదు.

రాతిగోడ, గంటగోపురం, సాయంకాలం

మన దగ్గరికొచ్చేసరికి ఆ సంకేతం ఎంత బలహీనమవుతుందంటే, ఒక వాట్‌ను వంద కోటి కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం పాటి శక్తే మిగులుతుంది. దట్టమైన చింతచెట్టు కింద నిలబడినా అందులో కొంత పోతుంది. పాత చర్చి పక్కన నిలబడితే ఇంకో ఇబ్బంది. మందపాటి రాతిగోడ సగం ఆకాశాన్ని మూసేస్తుంది. ఎదురు గోడకు తగిలి మళ్లిన సంకేతం నేరుగా వచ్చినదాని కన్నా కొన్ని మీటర్లు ఎక్కువ ప్రయాణించి ఆలస్యంగా చేరుతుంది. ఫోను ఆ రెండోదాన్ని నమ్మిందంటే మిమ్మల్ని సమాధుల తోటలోకో, పక్క బడి ఆవరణలోకో జరిపేస్తుంది. ఇనుప గేటు పక్కన ఫోనులోని దిక్సూచి కూడా తడబడుతుంది. ఆటలో అనుభవం ఉన్నవాళ్లు చివరి పదడుగులలో ఫోను జేబులో పెట్టేసి కళ్లతో వెతకడం అందుకే.

మన దేశానికి ప్రత్యేకమైన సమస్య ఇంకొకటి ఉంది. భూ అయస్కాంత మధ్యరేఖ మన దక్షిణ కొసన తిరునల్వేలి ప్రాంతం మీదుగా పోతుంది. పగటి ఎండకు పై వాతావరణంలో పుట్టే ఎలక్ట్రాన్లు ఆ రేఖ దగ్గర పైకి ఎగసి, అయస్కాంత రేఖల వెంట రెండు వైపులకూ జారి, ఉత్తరాన మన దేశం మీద దట్టంగా పోగవుతాయి. ఆ పొర దాటేటప్పుడు ఉపగ్రహ సంకేతం ఆలస్యమవుతుంది. పొద్దు గూకాక ఆ పొరలో బుడగల్లాంటి ఖాళీలు లేచి సంకేతాన్ని వణికిస్తాయి. మార్చి, సెప్టెంబరుల చుట్టుపక్కల నెలల్లో, సూర్యుడి మీద అలజడి ఎక్కువగా ఉన్న ఏళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. యూరప్‌లో రాసిన సలహాలలో ఈ మాట ఉండదు. మన దగ్గర డబ్బా పెట్టేవాళ్లు కొలతను ఉదయం పూట తీసుకోవడం మంచిది.

డబ్బా పెట్టేవాళ్లకే ఇంకో మాట. ఒక్కసారి కొలిచి సరిపెట్టుకోకూడదు. రెండు మూడు రోజులు కొలిచి సగటు తీయాలి. అయితే రోజూ అదే వేళకు వెళ్తే ప్రయోజనం తక్కువ. జీపీఎస్ ఉపగ్రహాలు 23 గంటల 56 నిమిషాలకు ఒకసారి ఆకాశంలో మళ్లీ అవే చోట్లకు వస్తాయి. ఈ రోజు ఎనిమిదింటికి గోడ చేసిన మోసాన్నే రేపు ఎనిమిదింటికీ చేస్తుంది. ఉదయం పూటే, ఒక రోజు ఏడింటికి, ఒక రోజు పదింటికి కొలిస్తే తప్పులు ఒకదాన్నొకటి కొంత రద్దు చేసుకుంటాయి.

మన సొంత నావిక్ వ్యవస్థ, దాని ఉపగ్రహాలు తగినన్ని పనిచేస్తుంటే, ఇక్కడ ఆదుకోగలదు. దాని మొదటి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచి వెళ్లింది. మార్కాపురం నుంచి గాలి దారిన కొలిస్తే శ్రీహరికోట సుమారు 245 కిలోమీటర్లు. ఏడు ఉపగ్రహాలతో రూపొందించిన ఈ వ్యవస్థ సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఎప్పుడూ మన వైపే చూస్తుంటుంది. మన ఆకాశంలో బాగా పైనుంచి వచ్చే సంకేతాలకు గోడలు అంతగా అడ్డు రావు. రెండు వేర్వేరు పౌనఃపున్యాల్లో ప్రసారం చేస్తుంది కాబట్టి, ఆ రెండింటినీ అందుకునే పరికరం ఎలక్ట్రాన్ల పొర వల్ల కలిగిన ఆలస్యాన్ని లెక్కగట్టి తీసేయగలదు. కష్టాలు లేకుండా సాగిన ప్రయాణం కాదిది. మొదటి ఉపగ్రహంలోని మూడు రుబీడియం గడియారాలూ ఆగిపోయాయి. దాని స్థానంలో 2017 ఆగస్టులో పంపినది ఉష్ణకవచం విడిపోక నష్టమైంది. విదేశీ గడియారాలతో వచ్చిన ఆ చిక్కు తర్వాత, 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మన శాస్త్రవేత్తలు చేసిన రుబీడియం గడియారం ఉంది. నావిక్‌ను అందుకునే ఫోన్లు కూడా ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి.

సర్వేయరు దొర

ఇక చర్చి దగ్గరికి వద్దాం. జాన్ ఎవరెట్ క్లౌ పేరు ప్రకాశం జిల్లాలో తెలియనివారు తక్కువ. క్లౌ దొర అంటారు. 1866లో ఒంగోలు చేరిన ఈ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, పాదరీ కాకముందు సర్వేయరు. యవ్వనంలో మిన్నెసోటా అడవుల్లో ప్రభుత్వ సర్వే బృందంతో గొలుసు పట్టుకుని భూములు కొలిచాడు. ఆ చదువు ఒంగోలులో అక్కరకొచ్చింది. 1876-78 కరవులో జనం ఆకలితో రాలిపోతుంటే బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పనిని తానే గుత్తకు తీసుకుని, వేలమందికి కూలి, కూడు దొరికేలా చేశాడు. కొలతలు వేయడం, మట్టి పని లెక్కగట్టడం వచ్చిన మనిషి కాబట్టే ఆ పని ధైర్యంగా నెత్తికెత్తుకోగలిగాడు. కరవు ముగిశాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, మార్కాపురం పక్కగా సముద్రం వైపు వెళ్లే గుండ్లకమ్మే అది.

ఆ తర్వాతి పాతికేళ్లలో మిషన్ పడమటికి పాకింది. కంభం 1882లో, మార్కాపురం 1895లో, దొనకొండ 1903లో ప్రత్యేక కేంద్రాలయ్యాయి. గిద్దలూరు దాటి కలసపాడు వైపు దిగినా, కనుమ దాటి నంద్యాల వెళ్లినా ఆంగ్లికన్ మిషన్ ప్రాంతం మొదలవుతుంది. ఈ చర్చీలు చరిత్రలో పెద్ద పేరు తెచ్చుకున్నవి కావు. మెదక్ కెథడ్రల్‌లా 175 అడుగుల గోపురం వీటికి లేదు. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో చెట్టు కింద మొదలై, మట్టిగోడల బడిగా మారి, ఆ బడే ఆదివారం ప్రార్థనాలయమై, చివరికి రాతి కట్టడానికి చేరినవి ఎక్కువ. ఊళ్లో మరెక్కడా చదువుకోనివ్వని పిల్లలకు ఓనమాలు దిద్దించిన చోట్లవి. ఒక ఊరి చదువు చరిత్ర కావాలంటే తాలూకా కచేరీ కన్నా ముందు వీటి గోడలు చూడాలి. శంకుస్థాపన రాయి, దాతల పేర్లు చెక్కిన పలక, గంట మీద పోతపోసిన సంవత్సరం, సమాధుల మీది తేదీలు. చదివేవాళ్లే లేరు. ఆదివారం పూట వాటి ముందు నుంచే వందలమంది నడిచిపోతారు.

జియోకాషింగ్ ఆ రాళ్లను చదివిస్తుంది.

రాయిమీది సంవత్సరం చెప్పే చోటు

ఆటలో ఒక రకం ఉంది. డబ్బా చిరునామా నేరుగా ఇవ్వరు. మొదటి చోటు మాత్రమే ఇస్తారు. అక్కడున్న రాతిని చదివి, అందులోని అంకెలతో లెక్క కట్టుకుంటే రెండో చోటు వస్తుంది. బ్రిటన్ చర్చి డబ్బాల్లో చాలావరకు ఈ పద్ధతే. సమాధి మీద సంవత్సరం, గోపురం కిటికీల సంఖ్య, నోటీసు బోర్డు మీది అంకెలు అక్కడ ఆధారాలు.

మన దగ్గర ఎలా ఉంటుందో ఊహించి చూద్దాం. మార్కాపురం 15 డిగ్రీల 44 నిమిషాల ఉత్తర అక్షాంశం చుట్టుపక్కల ఉంది. ఒక చర్చి రాతి మీద 1895 అని ఉందనుకుందాం. ‘రాతి మీది సంవత్సరంలోంచి 1500 తీసేసి, మిగిలిన మూడంకెలను 44 నిమిషాల పక్కన దశాంశాలుగా రాయండి’ అన్నది సూచన. వచ్చేది 395. కాబట్టి డబ్బా 15° 44.395′ ఉత్తరాన ఉంది. రేఖాంశానికి గంట మీది సంవత్సరంతో ఇలాంటిదే ఇంకో లెక్క.

ఇప్పుడు రాయి అరిగి ఉందనుకోండి. అంకె తప్పు చదివితే ఎంత దూరం తప్పుతారు? మన అక్షాంశం దగ్గర నిమిషంలో వెయ్యో వంతు అంటే ఉత్తర దక్షిణాలుగా 1.84 మీటర్లు. చివరి 5ను 8గా చదివితే తప్పు ఐదున్నర మీటర్లే. ఫోను చేసే తప్పుకు అది సమానం కాబట్టి డబ్బా దొరికే అవకాశం ఇంకా ఉంది. 9ని 4గా పొరబడితే 92 మీటర్ల అవతల తేలతారు. 8ని 6గా చదివితే 369 మీటర్లు, వేరే వీధిలోనో చేలోనో నిలబడతారు. స్థాన విలువ అంటే ఏమిటో కాళ్లతో నడిచి తెలుసుకున్న పిల్లవాడు దాన్ని మళ్లీ మరిచిపోడు.

తూర్పు పడమరలకు కొలత కొంచెం తగ్గుతుంది. నిమిషంలో వెయ్యో వంతు ఇక్కడ 1.79 మీటర్లు. రేఖాంశాలు ధ్రువాల వైపు దగ్గరవుతూ పోతాయి కదా. అల్మర్ బకెట్టు దాచిన 45 డిగ్రీల దగ్గర అదే కొలత 1.3 మీటర్లకు పడిపోతుంది. భూమి గుండ్రంగా ఉందని చెప్పడానికి బడిలో గ్లోబు లేకపోయినా ఈ రెండు సంఖ్యలు చాలు.

పాత సర్వే పటాలు దగ్గర పెట్టుకుని ఆడదామనుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర గొలుసు పరిచి మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేలో గుడి గోపురాలే సర్వేయర్ల మెట్లు. తంజావూరు పెద్ద గుడి గోపురం మీదికి ఎక్కిస్తుండగా ఆయన అరటన్ను బరువున్న థియోడలైట్ జారి గోపురానికి గుద్దుకుని వంగిపోయింది కూడా. 1811లో గుత్తి దగ్గర ఇంకో ఆధార రేఖ కొలిచారు. ఈ కొలతలతో ఆయన శిష్యుడు జార్జ్ ఎవరెస్టు భూమి ఆకారాన్ని 1830లో లెక్కగట్టాడు. మన పాత పటాలన్నీ ఆ ఎవరెస్టు భూమి మీద గీసినవి. ఫోను వాడేది డబ్ల్యుజిఎస్-84 అనే వేరే లెక్క. రెండింటికీ మన ప్రాంతంలో సుమారు 200 మీటర్ల తేడా వస్తుంది. పాత పటంలోని చర్చి గుర్తు నుంచి కొలిచిన సంఖ్యలను మార్చకుండా ఫోనులో కొడితే చర్చి కనిపించదు. పటం తప్పూ కాదు, ఫోను తప్పూ కాదు.

డబ్బా లేని డబ్బా

జియోకాషింగ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఎర్త్‌కాష్. అమెరికా భూవిజ్ఞాన సంఘం 2004లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇందులో డబ్బానే ఉండదు. చెప్పిన చోటికి వెళ్లి అక్కడి రాతిని పరిశీలించి, అడిగిన ప్రశ్నలకు జవాబు పంపాలి. ఒక్క పెచ్చు కూడా ఊడదీయకూడదు.

మార్కాపురానికి ఇంతకన్నా తగిన ఆట ఉండదు. దేశంలో ఎన్నోచోట్ల బడిపిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు ఈ నేలలోంచి వచ్చినవే. పలక రాయి ఉన్న ఆ రాతి వరుసకు భూవిజ్ఞానులు కంభం పేరే పెట్టారు. కడప శిలాశ్రేణిలో నల్లమల వర్గానికి చెందిన ఈ రాళ్ల వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. అప్పటి నీళ్ల అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సన్నని బురద ఇది. తర్వాత పక్కల నుంచి పడిన విపరీతమైన ఒత్తిడికి, వేడికి ఆ బురదలోని మట్టి ఖనిజాలు అభ్రకం జాతి రేకులుగా మారి, ఒత్తిడికి అడ్డంగా ఒకే వైపుకు తిరిగి సర్దుకున్నాయి. పలక చీలేది ఆ రేకుల వెంట. బురద పేరుకున్న పొరల వెంటే చీలాలని లేదు.

ఇది కంటితో చూడొచ్చు. పాత అరుగు మీద పరిచిన ఒక పలక రాయి అంచును తడిగుడ్డతో తుడిచి, ఎండకు ఏటవాలుగా చూడండి. కొన్ని రాళ్లలో లేత, ముదురు రంగు చారలు సన్నగా కనిపిస్తాయి. అవి అలనాటి బురద పొరలు. రాయి చీలిన తలం వాటిని ఏటవాలుగా కోస్తూ పోతుంది. ఆ రెండింటి మధ్య కోణాన్ని కోణమానినితో కొలిచి రాయమంటే అదే ఎర్త్‌కాష్ ప్రశ్న. జేబులో వేసుకుపోయేది ఏమీ ఉండదు. అయినా నల్లమల కొండలను ముడతలు పెట్టిన ఒత్తిడి గుర్తు చేతికి చిక్కుతుంది.

ముందు పెద్దల మాట

ఇక్కడ ఆడేటప్పుడు ఎక్కడో రాసిన నిబంధనలు మాత్రమే సరిపోవు. కొత్త మనిషి ఫోను పట్టుకుని పాత కట్టడం చుట్టూ వంగి వంగి చూస్తుంటే ఈ ఊళ్లలో జనం ఏమనుకుంటారో మొదటి పేరాలోనే చెప్పాను. అనుమానించడం వాళ్ల తప్పు కాదు. పైగా నల్లమల అంచు పల్లెల్లో చెట్టు మొదట్లో టిఫిన్ బాక్సు కనబడితే పాతతరానికి గుర్తొచ్చేది నక్సలైట్ల మందుపాతరల కాలం. అందుకని డబ్బా లోపల ఏముందో కనిపించే పారదర్శక ప్లాస్టిక్‌ది కావాలి. పైన తెలుగులో పెద్ద అక్షరాలతో ‘ఇది పిల్లల విజ్ఞాన ఆట డబ్బా’ అని, అనుమతి ఇచ్చినవారి హోదా రాయాలి. పాస్టరు గారికి, సంఘ పెద్దలకు, పంచాయతీకి ముందే చెప్పాలి. స్థలం ఎవరిదో వారి అనుమతి ఉండాలన్నది అంతర్జాతీయ నిబంధన కూడా.

సమాధుల మీద, సమాధుల మధ్య డబ్బా వద్దు. అక్కడి తేదీ చదివి వచ్చేయాలి, అంతే. గోడ సందుల్లో పెట్టకూడదు, వెతికేవాడు రాయి కదిపి చూస్తాడు. పాత సున్నం గార ఒకసారి ఊడితే మళ్లీ అలా వేయగల మేస్త్రీ దొరకడు. ఆరాధన వేళల్లో ఆడకూడదు. పులుల అభయారణ్యం హద్దులోకి ఆటను తీసుకెళ్లనే కూడదు. తినే వస్తువులు పెడితే చీమలు, ఉడుతలు, కోతులు మనకన్నా ముందు కనిపెడతాయి.

దొనకొండ, మార్కాపూర్ రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లు గుంటూరు-గుంతకల్ రైలు మార్గంలో వరుసగా వస్తాయి. ఒక్కో ఊళ్లో ఒక్కో చర్చి రాతిని చదివిస్తూ, ఒకదాని అంకెలు రెండోదానికి దారి చూపేలా కట్టిన ఆట బడిపిల్లలకు ఒక రోజు విజ్ఞాన యాత్ర అవుతుంది. అందులో గణితం, భౌతికశాస్త్రం, చరిత్ర, భూగర్భశాస్త్రం కలిసే వస్తాయి. ఇదే పద్ధతిలో మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి గోపురాన్నీ, కంభం చెరువు కట్టనూ, ఊళ్లలోని పాత మసీదులనూ కలుపుకోవచ్చు. కలుపుకోవాలి కూడా.

అన్నిటికన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది. పాత చర్చి చాలడం లేదని పడగొట్టి కాంక్రీటుతో పెద్దది కట్టుకోవడం ఇప్పుడు చాలా ఊళ్లలో జరుగుతోంది. అది ఆయా సంఘాల హక్కు. ఆ హడావుడిలో పాత శంకుస్థాపన రాయి పునాదిలో కలిసిపోవచ్చు. ఉన్న రాళ్ల మీద ఏటా వేసే ఎనామిల్ రంగు కింద అక్షరాలు పూడుకుపోతున్నాయి. ఉపాధ్యాయులకు, యువజన సంఘాలకు, పాస్టర్లకు ఒక మనవి. మీ ఊళ్లో పాత చర్చి ఉంటే వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ప్రతి రాతినీ ఏటవాలు ఎండలో ఫోటో తీయండి. మీద ఉన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, తప్పొప్పులతో సహా రాసుకోండి. వేర్వేరు వేళల్లో అక్షాంశ రేఖాంశాలు కొలిచి సగటు పక్కన రాయండి. ఆ కాగితం ఒక ప్రతి చర్చి రిజిస్టరులో, ఒక ప్రతి ఊరి బడిలో ఉంచండి. డబ్బా ఆ తర్వాత పెట్టుకోవచ్చు.